బెల్లం కొరికిన కింది వరస

నేను ఒక కింది కట్టుడు పళ్ల సెట్టును. పైసెట్టు నాకు అన్న. వాడు అంగిలికి అతుక్కుని దర్జాగా ఉంటాడు. నాకు ఆ పట్టు లేదు. చిగుళ్ల గట్టు మీద, నాలుకకీ బుగ్గకీ మధ్య ఒదిగి కూర్చోవాలి. అందుకే చిగుళ్ల సంగతి నాకు తెలిసినంతగా అన్నకు తెలియదు.

మైనంలో నాకు రూపం వచ్చింది. తర్వాత సుద్ద అచ్చులో బిగించి, గులాబీ రంగు ముద్ద కూరి, మరిగే నీళ్లలో ఉడికించారు. అప్పుడు కూడా నేను ఆ తర్వాత పడ్డంత భయం పడలేదు.

నన్ను పెట్టుకున్నది అనకాపల్లి బెల్లం మార్కెట్లో సరుకు రకం తేల్చే సూర్రావు. దిమ్మ అంచు కొరికేవాడు. టక్కున విరిగితే మొదటి రకం, సాగితే రెండోది. రుచి కంటే ఆ చప్పుడునే ఆయన నమ్మేవాడు. ఆ చప్పుడు నాది. కాస్త గర్వపడ్డాను, దాచుకోను.

ఒక సీజనులో ఎడమవైపు నొప్పి మొదలైంది. మనుషులకు నొప్పి పుడితే ముందు పక్కనున్నవాడినే అనుమానిస్తారు.

"ఈ సెట్టే నన్ను సంపీసేలా ఉంది," అన్నాడు భార్య పైడమ్మతో.

"డాక్టరమ్మకి సూపించుకోయ్యా."

"సీజనొదిలేసా? ఒలే, ఆ గరుకు కాయితం ఇలా అట్రా."

అరుగు మీద కూర్చుని నన్ను తానే అరగదీశాడు. రెండు రోజులు హాయిగా ఉంది. మళ్లీ నొప్పి, మళ్లీ గరుకు కాగితం. నేను పలచబడుతున్నాను, నా కింద చిగురు పెరుగుతోంది. మెత్తగా, వెచ్చగా ఉంది. పైగా కొట్టుకుంటోంది. చిగురు కొట్టుకోవడం నేనెన్నడూ ఎరగను. ఆ చోట నా మీద నెత్తురు చార పడేది.

ఒకనాడు టీ తాగుతుంటే పెదవి చివర నుంచి కారి చొక్కా తడిసింది. ఆయనకు తెలియలేదు.

"సంటిపిల్లోడివయిపోనావేటి, సొంగ కారుస్తన్నావు!" అని పైడమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన మాట ప్రతిదీ నన్ను తాకే బయటికి పోతుంది. నా మాట ఒక్కటీ ఆయనకు చేరదు.

చివరికి నేను కూర్చోవడానికి చోటే లేకపోయింది. అప్పుడు వెళ్లాడు, నన్ను చేసిచ్చిన డాక్టర్ వసుంధర దగ్గరికి.

"ఇంకాస్త అరగదీసీమ్మా," అన్నాడు.

ఆమె నన్ను పళ్లెంలో పెట్టి, దూది తీసుకుని ఆయన గడ్డం మీద రాసింది.

"తెలుస్తోందా?"

"ఏటి తెలియాలమ్మా?"

ఆమె దూది పక్కన పెట్టి, ఆయన కింది రెప్ప లాగి కళ్ల రంగు చూసింది.

"కామెర్లు ఎప్పుడైనా వచ్చాయా?"

"కుర్రతనంలో. పసరు పోయించుకున్నాను. కళ్లు తెల్లబడిపోనాయి."

"కళ్లు తెల్లబడ్డాయి సరే. కడుపులోకి ఎవరైనా చూశారా, సూర్రావుగారూ?"

చూడలేదు. చిగురు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, కడుపుకు స్కాన్ తీయించారు. ఫలితం వినడానికి వచ్చినప్పుడు నేను పైడమ్మ చేతిసంచిలో డబ్బాలో ఉన్నాను.

"క్యాన్సరు. పుట్టింది దవడలో కాదు, కార్జంలో, అదే కాలేయంలో," అంది డాక్టరు.

"కార్జం ఎక్కడ, దవడ ఎక్కడమ్మా!" అంది పైడమ్మ.

"నెత్తుట్లో పడి వస్తుందమ్మా. ఎక్కువగా ఊపిరితిత్తులకు పోతుంది, ఎముకలకు పోతుంది. దవడకు రావడం అరుదు. పుర్రెలోనో, కంటి వెనకో, చర్మం మీదో, గుండెలోనో తేలడం కూడా ఉంది. ఇలా దూరం వచ్చాక పూర్తిగా తీసేయలేం. నెమ్మది చేయగలం. వైజాగ్‌లో మందు మొదలుపెడదాం."

నా కింద కొట్టుకున్నది అదన్నమాట. నేను దాని మీద కూర్చుని బెల్లం కొరికాను. తలచుకుంటే ఇప్పటికీ గడగడలాడతాను.

సూర్రావు డబ్బా తెరిపించి, నా గుల్ల పడిన ఎడమ పక్క వేలితో తడిమాడు. "దీన్ని ఉత్తినే తిట్టీసినాను," అన్నాడు.

మళ్లీ నన్ను పెట్టుకోలేదు. ఇప్పుడు నేను వంటింటి కిటికీలో గాజు గ్లాసులో ఉంటున్నాను. పైడమ్మ రోజూ పొద్దున్నే నీళ్లు మారుస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాత బెల్లం ముక్క పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి, ఆయన చెవి దగ్గర తన పళ్లతో కొరుకుతుంది. టక్.

"మొదటి రకం," అంటాడు ఆయన. గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. అయినా రకం తప్పడు.

ఇవాళ ఎండ కిటికీ దాటి వంటగట్టు మీదికి వచ్చేసింది. నా నీళ్లు ఇంకా మారలేదు. పక్కగదిలో ఏవో అడుగులు, ఎవరిదో గుసగుస. నేను ఆ టక్ కోసం వింటున్నాను.