లాంజిలో మొగుడు

తిరువూరు మెయిన్ రోడ్డు మీద పురుగుమందులు, విత్తనాలు అమ్మే జగన్నాథరావుకి లోకంలో నచ్చిన ఎయిర్‌పోర్టు ఒక్కటే, సింగపూర్‌ది. మిగిలినవాటిని ఆయన మనుషులు తిరిగే చోట్లుగా ఒప్పుకోడు.

పురుగు ఎక్కువ పట్టి మందులు బాగా అమ్ముడైన ఏడాది కంపెనీలు డీలర్లని విదేశాలు తిప్పుతాయి. అట్లా ఆయన సింగపూర్, బ్యాంకాక్, దుబాయ్, కొలంబో, బాలి అన్నీ తిరిగాడు. ఆ ఊళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగితే "ఆఁ, బాగానే ఉన్నై" అని తేల్చేస్తాడు. ఎయిర్‌పోర్టు ఎట్లా ఉందని అడగాలి. అడగకపోయినా పర్వాలేదు.

"దుబాయ్‌ది ఎయిర్‌పోర్టు కాదండీ, బంగారం కొట్ల బజారు. నడవలేక చావాలి. కొలంబో అంటారా, మన మైలవరం బస్టాండు మీద ఇంకో అంతస్తు లేపినట్టుంటది. గన్నవరం సంగతి నాకు చెప్పమాకండి. పెళ్ళిమండపానికి ఏసీలు పెట్టి, వెనకమాల రెండు విమానాలు ఆపారు, అంతే!"

కొట్టుకొచ్చిన రైతులు మందు డబ్బా చేతికొచ్చేదాకా ఇది వినేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి దుబాయ్‌తోనూ కొలంబోతోనూ పని లేదు. ఆయనకి కావాల్సిందీ అదే. తెలిసినవాళ్ళ ముందు ఆయన ఎప్పుడూ ఇంత ధైర్యంగా మాట్లాడలేదు.

రెడ్డిగూడెం వైపు మామిడితోటలు కౌలుకి చేసే పీర్‌సాహెబ్ ఒకరోజు మందు కోసం వచ్చాడు. ఆయనా, భార్య దౌలత్‌బీ ఉమ్రా యాత్రకి బయల్దేరే ఏర్పాట్లలో ఉన్నారు. ఇద్దరికీ విమానం కొత్త.

"రావుగారూ, లోపలికి పోయినాక ఏం చెయ్యాలో కొంచెం చెప్పండి. మా ఇంటామె బెదురుతుంది," అన్నాడు.

జగన్నాథరావు పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. "మీకెందుకు పీర్‌సాహెబ్ అయ్యన్నీ? మీరు గుంపులో పోయేవాళ్ళు. మెడలో బిళ్ళలేసి మేకల్ని తోలినట్టు తోలుకుపోతారు. ముందోడి వీపు చూసుకుంటా పోవటమే. మీకు గేటుతో పనేంటి, లాంజితో పనేంటి?"

పీర్‌సాహెబ్ నవ్వాడు. ఇల్లు కొట్టు వెనకే. టీ తీసుకుని వచ్చిన రావమ్మకి ఆ మాటలు వినిపించాయి. టీ గ్లాసు పీర్‌సాహెబ్‌కి ఇచ్చి, "వదినగారిని భయపడొద్దని చెప్పండి అన్నయ్యగారూ. అంతమంది పోయి రావట్లా?" అంది.

"ఈవిడొకతె ధైర్యం చెప్పటానికి!" అన్నాడు జగన్నాథరావు. "విమానం లోపల ఎట్టుంటదో తెలీదు ఈవిడకి."

నిజమే, తెలీదు. భార్యాభర్తల్ని రమ్మన్న టూర్లు ఇదివరకు రెండొచ్చాయి. రెండుసార్లూ ఆయన "మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు" అని కంపెనీకి చెప్పి పినతండ్రి కొడుకుని తీసుకుపోయాడు. ఆ మోకాళ్ళతోనే రావమ్మ రోజూ డాబా ఎక్కి మిరపకాయలు ఎండబెట్టి వచ్చేది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు.

ఈసారి వియత్నాం. భార్య తప్ప ఇంకెవరూ రాకూడదని కంపెనీ గట్టిగా చెప్పింది. అందుకని రావమ్మకి పాస్‌పోర్టు వచ్చింది.

కారెక్కిన దగ్గర్నుంచీ ఆయన పాఠం మొదలైంది. అక్కడ నోరెత్తకు. ఎవరేం అడిగినా నా వైపు చూడు. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటై, కంగారుపడి కేకలు పెట్టమాక. ఖమ్మం దాటేసరికి రావమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఆయన ఆ పాఠమే డ్రైవర్‌కి చెప్పడం మొదలుపెట్టాడు.

ఎయిర్‌పోర్టు బయట డీలర్లంతా కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. జగన్నాథరావు తన టోపీ బ్యాగులో కుక్కేశాడు. "ఇది పెట్టుకుంటే కంపెనీ ఖర్చు మీద వచ్చామనుకుంటారు."

"మరి అట్టాగేగా వచ్చింది?" అంది రావమ్మ.

ఆయన విననట్టు ముందుకి నడిచాడు. వెనక్కి తిరిగి చూడకుండానే మాట్లాడుతున్నాడు. ఈ ఫ్లోరింగ్ చూడు, జారి చావాలి. ఈ క్యూ చూడు, రేషను షాపు నయం. సింగపూర్‌లో అయితే పూలతోటలో నడిచినట్టుంటది. రావమ్మకి మాత్రం అంతా బాగానే కనిపించింది. ఎత్తైన కప్పు, శుభ్రమైన నేల, ఎటు పోవాలో బాణం గుర్తులు. ఇంత చక్కటి చోటుని ఈ మనిషి ఎందుకు తిడుతున్నాడా అనుకుంది. పూజగది దగ్గర్నుంచి పెళ్ళివిందు దాకా ఆయన తిట్టనిదేముంది అని కూడా అనుకుంది.

ఇమిగ్రేషన్ దాటాక ఆయన ఒక గేటు ముందు కుర్చీ చూపించాడు.

"ఇక్కడ కూర్చో. నేను లాంజిలో ఉంటా, అక్కడ సోఫాలు, టిఫిన్లు ఉంటై. బ్యాంకు కార్డు మీద ఒకళ్ళనే రానిస్తారు. టైమవగానే మైకులో పిలుస్తారు, అప్పుడొస్తా. బాత్‌రూమ్‌కి కూడా లెగవమాక, తప్పిపోతావు."

రావమ్మ కూర్చుంది. కాసేపు మనుషుల్ని చూసింది. తర్వాత ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు చూసింది. విమానం నంబరు, ఊరు, గేటు, టైము. ఆవిడ చేతిలోని బోర్డింగ్ పాసు మీదా అవే ఉన్నాయి. పక్కన గోడమీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఒక మాట రాసి ఉంది. ఇక్కడ మైకు పిలుపులు ఉండవు, బోర్డులు చూసుకోండి అని. రావమ్మ అది రెండుసార్లు చదివింది.

కొంతసేపటికి రెడ్డిగూడెం డీలరు విశ్వతేజ, భార్య వినీల గబగబా వచ్చారు.

"పిన్నిగారూ, ఇంకా ఇక్కడే కూర్చున్నారేంటి? గేటు మార్చారు. అటు చివర. అందరూ వెళ్ళిపోతన్నారు," అంది వినీల.

రావమ్మ బోర్డు చూసింది. నిజమే, గేటు నంబరు మారింది. భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, గేటు మారింది."

"ఎవరు చెప్పారు?"

"వినీల చెప్పింది. బోర్డు మీద కూడా ఉంది, నేను చూశా."

"నువ్వు చూశావా!" ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే పక్కనెవరితోనో అన్నాడు. "మా ఆవిడ బోర్డు చూసిందంటండీ!" అవతల ఆయనా, ఆ మనిషీ నవ్వడం వినిపించింది. తర్వాత ఇటు తిరిగి, "ఆ రెడ్డిగూడెం పిల్లకి ఏం తెలుసు? ఇన్ని దేశాలు తిరిగినోడికి నువ్వు చెప్తావా? మారితే మైకులో చెప్తారు. చెప్పలేదంటే మారలేదు. అక్కడే కూర్చో, కదలమాక."

"మైకులో చెప్పరంట, ఇక్కడ గోడ మీద..."

ఫోన్ పెట్టేశాడు.

ఇన్ని దేశాలూ ఆయన కంపెనీ కుర్రాడు పట్టుకున్న జెండా వెనకాల తిరిగినవే. పాస్‌పోర్టులు ఆ కుర్రాడి దగ్గరే ఉండేవి. గేటు దగ్గర తలలు లెక్కపెట్టి ఎక్కించేవాడు. ఈసారి ఆ కుర్రాడు వియత్నాంలో కలుస్తానన్నాడు.

రావమ్మ ఇంకోసారి ఫోన్ చేసింది. ఆయన కట్ చేశాడు. ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సంచి భుజాన వేసుకుంది. కోపం రాలేదు. ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు. ఊరూ పేరూ తెలీని ఒక మనిషి ముందు, బోర్డు చదివినందుకు, నవ్వాడు.

"పద వినీలా," అంది.

కొత్త గేటు దగ్గర సగం మంది ఎక్కేశారు. విశ్వతేజ వెనక్కి పరిగెత్తబోయాడు. "నే పోయి బాబాయిగారిని తీసుకొస్తా."

"ఆ లాంజి ఎక్కడుందో నీకు తెలుసా? నువ్వు పోతే నువ్వు కూడా మిగిలిపోతావు బాబూ. ఫోన్ చెయ్యి," అంది రావమ్మ.

విశ్వతేజ చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, తియ్యడం లేదు. రావమ్మ పక్కకి తప్పుకుని అందర్నీ ఎక్కనిచ్చింది. చివరికి యూనిఫారం వేసుకున్న అమ్మాయి, "మేడమ్, గేటు మూసేస్తున్నాం. మీవారు ఏరీ?" అంది.

"లాంజిలో ఉన్నారమ్మా."

"మీరు వెళ్తారా, ఆగిపోతారా?"

"వెళ్తాను," అంది రావమ్మ.

విమానం పైకి లేస్తున్నప్పుడు ఆవిడ సీటు చేతుల్ని గట్టిగా పట్టుకుంది. పక్క సీటు ఖాళీ. వినీల వచ్చి కూర్చుంటానంది గానీ రావమ్మ వద్దంది. కాసేపటికి వదిలేసింది. ఖాళీ సీటు మీద చేతిసంచి పెట్టుకుని, ఇచ్చిన భోజనం మొత్తం తిని, హాయిగా పడుకుంది. దిగాక అక్కడి ఆఫీసరు పాస్‌పోర్టు చూసి "హస్బెండ్?" అని అడిగాడు. "హస్బెండ్ లాంజ్," అని చెప్పింది. ఆయన ఏమనుకున్నాడో గాని ముద్ర కొట్టి పంపించాడు.

లాంజిలో ఉన్న హస్బెండ్ ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టి, శబ్దం రాకుండా చేసి, పక్కనున్న పెద్దమనిషికి ఏ దేశపు ఎయిర్‌పోర్టులో ఇడ్లీ దొరుకుతుందో చెబుతున్నాడు. ఆ పెద్దమనిషి తన విమానం టైమవుతోందని బోర్డు చూసుకుని లేచిపోయాడు. జగన్నాథరావు ఇంకో ప్లేటు తెచ్చుకున్నాడు. తిని, తీరుబడిగా పాత గేటు దగ్గరికి వస్తే కుర్చీలో రావమ్మ లేదు. వేరే ఊరు పోయే జనం బారులు తీరి ఉన్నారు. "చెప్పాను, తప్పిపోతావని చెప్పాను," అనుకుంటూ అక్కడున్న అబ్బాయి మీద కేకలేశాడు. వాడు బోర్డు చూపించాడు.

చివరి గేటు దాకా ఆయన పరిగెత్తుకుంటూ పోయేసరికి తలుపులు మూసి ఉన్నాయి. అద్దంలోంచి విమానం వెనక్కి జరగడం కనిపించింది. "నేనెవరనుకున్నారు! సింగపూర్‌లో అయితే మిమ్మల్ని..." అని మొదలుపెట్టాడు. సింగపూర్‌లో ఏం చేసేవారో అక్కడ ఎవరూ అడగలేదు. ఇద్దరు సిబ్బంది ఆయన్ని వెంటబెట్టుకుని, ముద్ర కొట్టించుకున్న దారినే వెనక్కి నడిపించి, ఆ ముద్ర రద్దు చేయించి, సూట్‌కేసు చేతికిచ్చి బయటికి పంపారు.

మర్నాడు బస్సు దిగి కొట్టు తెరిచాడు. అడిగినవాళ్ళకి కడుపులో నొప్పి వచ్చి వెనక్కి వచ్చానన్నాడు. ఆవిడని చెల్లెలి ఇంట్లో దింపానన్నాడు. ఆ సాయంత్రమే విశ్వతేజ వాట్సాప్ స్టేటస్‌లో రావమ్మ పడవలో కూర్చుని, తాటాకు గొడుగులాంటి టోపీ పెట్టుకుని నవ్వుతోంది. తిరువూరులో ఆ స్టేటస్ చూడనివాళ్ళు లేరు. చూడనివాళ్ళకి చూసినవాళ్ళు చూపించారు.

జగన్నాథరావు రావమ్మ కోసం మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. టూరు అయ్యాక ఆవిడ వినీలవాళ్ళ కారులో వచ్చింది. పెట్టె లోపల పెట్టి, కాళ్ళు కడుక్కుని, టీ పెట్టింది. ఇద్దరికీ పెట్టింది.

"మొగుణ్ణి వదిలేసి విమానం ఎక్కిన ఆడదాన్ని నిన్నే చూస్తన్నా! ఎట్టా ఎక్కబుద్ధయింది నీకు?" అన్నాడు.

"మీరు ఫోన్లో నవ్వారు చూశారా, అప్పుడు బుద్ధయింది."

"ఏదో సరదాకి నవ్వితే..."

"పెళ్ళయిన కాడ్నించీ సరదాగానే ఉంది మీకు. చదవటం రాదని నవ్వితే పోన్లే అనుకునేదాన్ని. చదివినా నవ్వారు. ఇంక మీతో ఏం చేసి ఏం లాభం? టీ చల్లారిపోతంది, తాగండి."

ఆవిడ గొంతు పెంచలేదు. అదే ఆయనకి మింగుడుపడలేదు. అరిస్తే తిరిగి అరవడం ఆయనకి వచ్చు. రావమ్మ ఆయన్ని చూసిన చూపు ఆయనకి బాగా తెలిసిన చూపే. గన్నవరం గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్ళలో ఉండేది అదే. ఆ చూపుకి ఇటువైపు నిలబడటం మాత్రం ఆయనకి ఇదే మొదలు. టీ తాగాడు.

వారం తిరక్కుండానే పీర్‌సాహెబ్ వచ్చాడు. ఈసారి దౌలత్‌బీ కూడా వెంట ఉంది. కొట్లో జగన్నాథరావు ఇద్దరు రైతులకి ఆ ఎయిర్‌పోర్టు గురించి చెబుతున్నాడు. "ప్రపంచం మొత్తం తిరిగా, అంత దరిద్రపు ఎయిర్‌పోర్టు చూళ్ళేదు. పిలిచే నాథుడు లేడు! చావమని వదిలేస్తారు!"

పీర్‌సాహెబ్ ఆయన్ని దాటుకుని, లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ రావమ్మ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వు పోయొచ్చావంటగా. అదంత చెడ్డదా? మేమూ అక్కడే ఎక్కాలి."

"నేను చూసింది రెండే అన్నయ్యగారూ," అంది రావమ్మ. "రెండిట్లోనూ ఎటు పోవాలో ఇంతేసి అక్షరాలతో రాసి పెట్టారు. చదువుకోవటానికి నామోషీ పడనివాళ్ళకి రెండూ మంచివే." రైతులిద్దరూ మందు డబ్బాల వంక చూస్తూ నిలబడ్డారు. నవ్వితే మర్యాద కాదని వాళ్ళకి తెలుసు. రావమ్మ దౌలత్‌బీని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఏ పెట్టెలో ఏది పెట్టకూడదో, చెప్పులు ఎక్కడ విప్పమంటారో, విమానం లేచేటప్పుడు చెవులు మూసుకుపోతే ఏం చెయ్యాలో, ఆ ఇద్దరాడవాళ్ళూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో దౌలత్‌బీ పెద్దగా నవ్వడం కొట్లోకి వినిపించింది. జగన్నాథరావు లెక్కలు చూస్తున్నట్టు తల వంచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన నోట ఎయిర్‌పోర్టు మాట రాలేదు. నెల తిరిగేసరికి రైల్వే స్టేషన్ల మీద పడ్డాడు. మధిర స్టేషన్లో బల్లలు, విజయవాడ ప్లాట్‌ఫారాల మీద మెట్లు, అక్కడి టీ. మందు డబ్బా చేతికొచ్చేదాకా రైతులు వింటున్నారు.

పంటకాలం చివర కంపెనీ మనిషి కొట్టుకొచ్చి, వచ్చే ఏడాది మలేసియా అన్నాడు. జగన్నాథరావు ఏమీ అనకముందే రావమ్మ గుమ్మంలోంచి, "నా పేరు రాసుకో బాబూ," అంది. "ఆయనొస్తారో రారో ఆయన్నే అడుగు."

కంపెనీ మనిషి ఆయన వైపు చూశాడు. జగన్నాథరావు మోకాలు పట్టుకుని, ఈమధ్య కాస్త నొప్పిగా ఉంటోందన్నాడు.