అద్దంలాంటి ఇన్‌బాక్స్

కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకు బూట్లు కుట్టే ఆ చిన్న వర్క్‌షాపులో బూట్ల పని ముట్టనివాడు పెద్దన్న ఒక్కడే. ఆయన నిర్ణయాలు తీసుకుంటాడు. తోలు కోసి కుట్టడం తమ్ముడి పని. కొలతలు తీసుకోవడం, మెయిళ్లకు జవాబులివ్వడం చెల్లెలి పని. మిగిలిన లోకభారమంతా తన నెత్తిమీదే ఉందని పెద్దన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

వర్క్‌షాపు నిలబడింది పిల్లల ఆసుపత్రి ఇచ్చే పని మీద. వచ్చే ఏడాది కూడా మా పిల్లల బూట్లు మీరే కుడతారా అని ఆసుపత్రివాళ్లు ఏటా ఒక మెయిల్ పంపుతారు. యజమాని సంతకం పెట్టి ఒప్పుకుంటే ఏడాదంతా చేతినిండా పని. లేకపోతే మిషన్ల మీద గుడ్డ కప్పి ముగ్గురూ మరో దారి చూసుకోవలసిందే. ఆ మెయిల్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే పెద్దన్నకు మెయిల్ కంపెనీ మార్చాలన్న బుద్ధి పుట్టింది.

దానికి కారణం మంగలి షాపు. పక్క కుర్చీలో గడ్డం చేయించుకుంటున్న పెద్దమనిషి ఈయన ఇచ్చిన కార్డు చూసి, ఇంకా ఊరికే దొరికే మెయిలే వాడుతున్నారా అని అడిగాడట. అంతే, పెద్దన్నకు తల కొట్టేసినట్టయింది. సగం గడ్డంతోనే నిర్ణయం తీసుకున్నాడు.

మూడు కంపెనీలను పిలిపించాడు. మొదటి కంపెనీవాడు చెప్పులేసుకుని వచ్చాడు, పనికిరాడన్నాడు. రెండో కంపెనీ ఆవిడ ఫోన్‌లో ఓపిగ్గా అన్నీ వివరించి, మీరు పని ఎలా చేసుకుంటారో ముందు చెప్పండి అని అడిగింది. మన పని సంగతి ఆవిడకెందుకని ఫోన్ పెట్టేశాడు. మూడో కంపెనీవాడు టై కట్టుకుని వచ్చాడు. పెద్దన్న స్వయంగా లేచి కుర్చీ దుమ్ము దులిపాడు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ముగ్గురికీ కలిపి మెయిల్ ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. పని అయిపోయిన మెయిల్‌ని అలాగే వదిలేస్తారు. పని మిగిలి ఉంటే, చదివిన తర్వాత కూడా దాన్ని మళ్లీ చదవనట్టు మార్చి పెడతారు. అప్పుడది లావుపాటి నల్లక్షరాలతో కనిపిస్తుంది. నల్లగా ఉందంటే ఎవరో చేయవలసింది ఇంకా ఉందని అర్థం. వారం మధ్యలో మెయిళ్ల గొడవ తన చెవిన వేయొద్దని పెద్దన్న ఆజ్ఞ. శనివారం కుర్చీ లాక్కుని, నల్లవాటిని మాత్రం చూసి, తన సంతకం కావలసిన చోట గీకి, కొండలు మోసినవాడిలా నడుం పట్టుకుని లేస్తాడు.

టై మనిషి శుక్రవారం వచ్చి కంప్యూటర్ తెరిచాడు. తెర నిండా నల్లక్షరాలు. ఇన్ని చదవకుండా వదిలేశారేమిటి సార్ అని ఎంతో మర్యాదగా నవ్వాడు. పెద్దన్న మొహం మాడిపోయింది. ఇంట్లోవాళ్లకు శ్రద్ధ తక్కువని, అన్నీ తానే చూసుకోలేక చస్తున్నానని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. శ్రద్ధ తక్కువైనవాళ్లిద్దరూ పక్కనే ఉన్నారు. ఒకరి చేతిలో కత్తెర, ఇంకొకరి చేతిలో కొలత టేపు.

"అవి చదవనివి కావు, చేయాల్సినవి," అంది చెల్లెలు.

పరాయివాడి ముందు ఇంటి గుట్టు విప్పుతున్నట్టు పెద్దన్న ఆమెను ఉరిమి చూశాడు. ఆ చూపుకి తమ్ముడు కత్తెర పట్టుకుని లోపలికి, తోలు దగ్గరికి వెళ్లిపోయాడు. టై మనిషి మాత్రం, తమ సర్వీసులోకి మార్చేటప్పుడు పాతవన్నీ చదివినట్టే మార్చేస్తామని, మెయిల్ పెట్టె అద్దంలా ఉంటుందని అభయమిచ్చాడు. ఆ అద్దం దగ్గరే పెద్దన్న పడిపోయాడు. ఇంకేమీ అడగలేదు.

"అన్నయ్యా, ముందు ఆ నల్లవాటిని ఒకసారి రాసుకోనీ," అంది చెల్లెలు.

"అవన్నీ నా బుర్రలో ఉన్నాయిలే."

ఆ బుర్రలో అప్పుడున్నది టై ఒక్కటే. తన చేతిలోని పనులు చెల్లెలికి ఎలాగూ గుర్తున్నాయి. మిగతావి ఆయన ఖర్మ అనుకుని ఆమె కొలత టేపు చుట్టుకుంటూ తన పనికి వెళ్లింది. టై మనిషి ఆ రాత్రికే అంతా మార్చేసి వెళ్లాడు.

శనివారం పెద్దన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్క నల్లక్షరం లేదు. ఇల్లంతా వినపడేలా, పద్ధతంటే ఇదీ అన్నాడు. ఆపైన రెండు వారాలు కొత్త అడ్రసుతో కార్డులు అచ్చువేయించి, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంచాడు. ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేద్దామని చెల్లెలు అంటే, మనమే అడిగితే చులకనైపోతామన్నాడు. చివరికి ఆయనకే నిద్ర పట్టడం మానేసింది. చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆసుపత్రికి బయల్దేరాడు, గట్టిగా నిలదీయాలని.

ఆఫీసులో కూర్చున్నావిడ ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది. మెయిల్ ఎప్పుడో పంపామంది. మీవాళ్లు తెరిచి చదివినట్టు మాకు కబురు కూడా వచ్చిందంది. చదివీ జవాబు ఇవ్వలేదంటే మీకు అక్కర్లేదనుకుని, గడువు దాటాక పని వేరేవాళ్లకు ఇచ్చేశామంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. నిలదీయడానికి వెళ్లినవాడు ఆమె ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనుదిరిగాడు.

ఇంటికొచ్చి, ఆ మెయిల్ తెరిచిందెవరని గదులు దద్దరిల్లేలా అరిచాడు. తమ్ముడు కుడుతున్న బూటు పక్కన పెట్టాడు.

"నేనే అన్నయ్యా. ఆ టై ఆయన రావడానికి ముందురోజు, గురువారం వచ్చింది. నీ సంతకం కావాలన్నారని నల్లగా పెట్టి ఉంచాను. శనివారం నువ్వు కుర్చీలోంచి లేచాక చూస్తే నలుపు పోయింది. నువ్వు సంతకం పెట్టేశావనుకున్నా."

పెద్దన్న చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె దెప్పలేదు. దెప్పితే బాగుండుననిపించింది ఆయనకు. జేబులోంచి మడత కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. పిల్లల కొలతలన్నీ కొత్తవాళ్లకు అప్పగించమని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పత్రం అది.

చెల్లెలు ఆ సాయంత్రమే కూర్చుంది. ఏ పాపకు ఎడమ కాలు పొట్టిదో, ఏ బాబుకు మడమ దగ్గర మెత్త ఎక్కువ వేయాలో, ఎవరు ఎర్ర రంగు కావాలని మారాం చేస్తారో అన్నీ వివరంగా రాసింది. ఆ పిల్లల్లో ఒక్కరి మొహం కూడా పెద్దన్నకు తెలియదు. రాయడం అయ్యాక ఆమె పత్రం ఆయన ముందుకు జరిపి, అడుగున యజమాని సంతకం చేయవలసిన చోటు వేలితో చూపించింది. ఆ ఏడాది ఆసుపత్రికి పెద్దన్న చేసిన సంతకం అదొక్కటే.