చేయి పట్టుకున్న పాట

సిలాస్‌కు ఐర్లండ్ ఎక్కడుందో సరిగా తెలియదు. ఆ దేశం వాళ్ళంటే మాత్రం కడుపు మండిపోతోంది.

మంట ఆసుపత్రిలో అంటుకుంది. అతని భార్య షర్మిల దుబాయ్‌లో నర్సు. కోవిడ్ రోజుల్లో నిద్రపట్టని రోగి ఒకామెకు జోలపాట పాడుతుంటే తోటి నర్సు నోరా విన్నది. నోరాది ఐర్లండ్. తన దేశంవాళ్ళతో కలిసి అక్కడి జానపదాలు వాయించే బృందం నడుపుతోంది. ఫిడేలు, ఫ్లూటు, మన కంజిరకు పెద్దన్నలాంటి డప్పు. ఇప్పుడు వాళ్ళు ఆల్బం రికార్డు చేస్తూ, తమ జోలపాటల పక్కన షర్మిల పాట కూడా కావాలన్నారు.

షార్జా తెలుగు చర్చిలో క్వయర్ నడిపేది సిలాస్. షర్మిలకు తాళం నేర్పింది తానేనని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు. గిటారు అతనిది, గొంతు ఆమెది. తీరా పిలుపు గొంతుకొచ్చింది, గిటారుకు రాలేదు.

"నేనూ వస్తా. తోడుండాలి గదా," అన్నాడు.

"రండి, ఎవరొద్దన్నారు?" అంది షర్మిల.

తను పనిచేసే జెబెల్ అలీ గోదాములో డ్యూటీ మార్పించుకుని మరీ వెళ్ళి, స్టూడియోలో ఓ మూల కుక్కిన పేనులా కూర్చున్నాడు. షర్మిల కళ్ళు మూసుకుని పాట ఎత్తుకోగానే, పక్కనున్న డోనల్ అనే ముసలి గాయకుడు ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, పాట సాగుతున్నకొద్దీ మెల్లగా గుండ్రంగా తిప్పసాగాడు. సిలాస్‌కు ఒళ్ళు భగ్గుమంది. తాతలాంటి మనిషే కావచ్చు, అసూయ వయసు అడుగుతుందా?

పాట అయ్యాక నోరా అతని మొహం చూసి, తమ వైపు ఒంటరిగా పాడేవాళ్ళ చేయి పక్కవాళ్ళు అలా పట్టుకుని తిప్పడం ఆనవాయితీ అని చెప్పింది. డోనల్ నవ్వుతూ లేచి తన కుర్చీ సిలాస్‌కు ఇచ్చాడు. ఇంకోసారి రికార్డు చేద్దామన్నారు.

సిలాస్ చేయి పట్టుకున్నాడు. కానీ తిప్పలేదు. క్వయర్ మాస్టారి వేలు ఊరుకుంటుందా, ఆమె అరచేతిలో తాళం వేయడం మొదలెట్టింది. షర్మిల కళ్ళు తెరిచి, చర్చిలో లాగే ఆ వేలినే చూసుకుంటూ పాడింది. ఎక్కడా తాళం తప్పలేదు. ఆ పాటకు మాత్రం ఏ బిడ్డా నిద్రపోదు.

ఆ సంగతి సిలాస్‌కు వారం తర్వాతగానీ తెలియలేదు. నోరా రెండు రికార్డింగులూ పంపి, ఏది పెట్టాలో షర్మిలనే చెప్పమంది. షర్మిల వంటింట్లో ఉండగా అతను ఆమె ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. మొదటిదాంట్లో ఉన్నది తనెన్నడూ వినని గొంతు. ఇన్నేళ్ళ కాపురంలో తన పక్కన ఒక్కసారైనా ఇలా పాడిందా? కుళ్ళి కుళ్ళి ఏడవాలనిపించింది. అయినా సిలాస్ మరీ చెడ్డవాడు కాడు. మొదటిదే పంపమని చెబుదామని లేచాడు.

"షర్మిలా, ఆ రెండింట్లో..."

"మీరు చేయి పట్టుకున్నదే పెట్టమని పొద్దున్నే చెప్పేశానండీ. ఖలాస్."

"అదేంటి! మొదటిది ఎంత బాగుంది!"

"నాకు తెలీదా?" షర్మిల ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "అది పంపితే బయటోళ్ళు మెచ్చుకుంటారు. ఇంట్లో మీ మొహం చూడాల్సింది మాత్రం నేను."