జ్వరమొచ్చిన ట్రాక్టర్

మా గంగయ్య బావ మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచిందని నేనంటే మా అక్క ఇప్పటికీ నా మీద కారాలు మిరియాలు నూరుతుంది. నూరనీ. ఉన్నమాట కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

అరవై అయిదో సంవత్సరం వానలు మొహం చాటేశాయి. చెన్నూరు తాలూకాలో జొన్న మోకాలెత్తు కూడా రాకుండానే ఎండింది. జొన్న లేకపోతే చొప్ప లేదు, చొప్ప లేకపోతే పశువులకు మేత లేదు. బావ అంతకు ముందు వేసవిలోనే ఎడ్లను అమ్మేసి, విద్యాసాగర్‌రావు దొర వాడి వాడి పక్కన పెట్టిన చిన్న ట్రాక్టర్ ఇంటికి తెచ్చుకున్నాడు. దాంతోపాటు గడ్డి కోసే పట్టె ఒకటి వచ్చింది. పొడవాటి ఇనప పట్టె, దాని మీద రంపపు పళ్ళలాంటి కత్తులు అటూ ఇటూ ఆడుతుంటాయి.

ఆ ఏడు ఊరి చుట్టుపక్కల గడ్డి మిగిలింది ఒక్క దొర బీడులోనే. వాగు పక్క పల్లం కాబట్టి మిగిలింది. దొర మాట స్పష్టంగా చెప్పాడు. దీపావళి లోపు బీడంతా కోసిపెడితే సగం గడ్డి గంగయ్యది. కోయలేకపోతే పండుగ తెల్లవారే బీడును మందలవాళ్ళకు మేపుకు వదిలేస్తాడు. ఆ సగం గడ్డి దక్కితే బావ కొట్టంలోని ఆవులూ బర్రెలూ మళ్ళీ వానలు పడేదాకా బతుకుతాయి. దక్కకపోతే బతకవు. కూలీలతో కోయిద్దామంటే మనుషులేరీ? కొడవలి పట్టగలిగిన ప్రతివాడూ బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుబావులకు వెళ్ళిపోయాడు. అందుకే మా అక్క బాలలక్ష్మి కబురు పెడితే నేను మంథని దగ్గర మా ఊరి నుంచి గోదావరి దాటి వచ్చాను.

వచ్చేసరికి బావ ట్రాక్టర్‌కు బొట్టు పెడుతున్నాడు.

"బావా, గడ్డి గోస్తవా, పెండ్లి జేస్తవా దానికి?" అన్నాను.

"నవ్వుతె నవ్వు హనుమంతూ. ఎడ్లు బోయినంక గిదే నాకు ఎద్దు," అన్నాడు.

ఆ మాట ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. పొలాల పండుగనాడు ఊళ్ళోవాళ్ళు ఎడ్లను కడిగి, కొమ్ములకు ఆముదం రాసి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పుతుంటే, మావాడు ఆ వరుసలో ట్రాక్టర్ నడుపుకుంటూ పోయాడట. ముందు ఎడ్లు, వెనక ఎడ్లు, మధ్యలో డుగుడుగుమంటూ ఇది. బొబ్బట్లలాంటి పోలెలు కూడా పెట్టాడట. దాని నోరు ఎక్కడుందో కనుక్కుని మరీ పెట్టి ఉంటాడు. సోమవారం ఎడ్లకు కాడి పెట్టరు కాబట్టి సోమవారం దీన్నీ బయటికి తీసేవాడు కాదు. దీపావళి ముంచుకొస్తుంటే ఇదేం పిచ్చని నేను తలబాదుకున్నాను. ఎడ్లకు లేని పని దీనికెందుకని ఆయన వాదన.

కోత మొదలుపెట్టాం. పొద్దున చల్లటి వేళ బాగానే నడిచింది. గడ్డి బారుగా పడుతుంటే చూడముచ్చటగా ఉంది. అక్క వెనకాలే మోపులు కడుతూ, కొట్టంలోకి ఎంత వస్తుందో అప్పుడే లెక్క వేసుకుంటోంది. పొద్దు కాస్త ఎక్కేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. రేడియేటర్ మూతలోంచి బుస్సుమని ఆవిరి కొట్టింది. బావ గబుక్కున ఆపేశాడు.

అదే ట్రాక్టర్ రోడ్డు మీద చెన్నూరుదాకా పోయి వచ్చినా వేడెక్కదు. గడ్డిలోకి దిగితేనే దానికి జ్వరం. ఈ ముడి విప్పడానికి మేం పడని పాట్లు లేవు. వాగు నీళ్ళు పడలేదేమోనని రేడియేటర్‌లో నీళ్ళు పారబోసి బావినీళ్ళు పోశాం. ఫ్యాను బెల్టు బిగించాం. ఇంజనులో ఆయిలు మార్చాం. కత్తులు మొద్దుబారి బరువు పడుతోందేమోనని పదును పెట్టించాం. గేరు తగ్గించి నత్తనడక నడిపాం. అక్క ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. దేనికీ లొంగలేదు. కాసేపు కోయడం, చాలాసేపు చల్లారబెట్టడం. బీడు వైపు చూస్తే మేం కోసింది తల మీద చిన్న గొరుగుడు గీతలా కనిపించేది. కడుపు మండిపోయేది నాకు.

"మంచిర్యాల పోయి మేస్త్రీని తోల్కొస్త. అప్పటిదాంక దీన్ని ముట్టకు బావా, జర నా మాటిను," అని చెప్పి బస్సెక్కాను.

రాజం మేస్త్రీ బొగ్గుబావి వర్క్‌షాపులో పని నేర్చి, మంచిర్యాల స్టేషన్ దగ్గర సొంతంగా షెడ్డు వేసుకున్నవాడు. లారీల పని వదిలి రానంటే బతిమిలాడి, రాత్రికి షెడ్డులోనే పడుకుని, మర్నాడు వెంటబెట్టుకుని వచ్చాను. మేం బీడు చేరేసరికి బావ ముఖం వెలిగిపోతోంది. కొత్తగా పడిన గడ్డి చాలానే ఉంది. నేను ముట్టకంటే ముట్టకుండా ఉంటాడా? నన్ను చూడగానే, "నువ్వు లేకున్నా గోసిన. ఉపాయం దొరికింది," అన్నాడు. ఆ ఉపాయమేమిటో అప్పుడు అడిగే తీరిక లేకపోయింది.

మేస్త్రీ ట్రాక్టర్ చుట్టూ తిరిగి, ముందున్న జాలీ ఊడదీసి, రేడియేటర్ మీద వేలు పెట్టాడు. వేలు జిగటగా వచ్చింది. స్క్రూడ్రైవరుతో గీకితే గడ్డి నూగు, దుమ్ము, ఆముదం కలిసి గొంగడి ముక్కలా ఊడివచ్చింది.

"గాలి వోయే తొవ్వ మొత్తం మూసుకపోయింది. గిండ్ల నూనె ఎవలు రాసిన్రు?" అన్నాడు.

"నేనే. పొలాల పండుగకు రాసిన. మల్ల సోమారం సోమారం రాస్తున్న. ముఖం గద, ఎండకు పగులుతదని..." బావ నసిగాడు.

"రోడ్డు మీద నడిస్తె నూగు లేదు, గాలి జోరుగుంటది, నడిచింది. గడ్డిల దిగితె నూగంత వచ్చి నూనెకు అతుకుతది. ఇంజనుకు ఊపిరి ఎట్లాడుతది గంగన్నా?"

ఇంతేనా అని నేను పకపకా నవ్వాను. ఇన్ని రోజుల చిరాకూ ఆ నవ్వులో పోయింది. అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ ఒక్కడే సిగ్గుతో చచ్చిపోతూ కిరసనాయిలు, పాత బ్రష్షు తెచ్చాడు. ముగ్గురం కూర్చుని సందు సందునా కడిగాం. పొద్దు వాలేసరికి అవతలి వెలుగు కనిపించేంత శుభ్రమైంది. దీపావళికి ఇంకా వ్యవధి ఉంది. రేపటి నుంచి ఆపకుండా కోస్తే బీడు అయిపోతుందని అక్క వేళ్ళ మీద లెక్క కట్టింది.

ఇంజను వేశాం. ముల్లు మధ్యలో నిలబడింది. "సూసినవా!" అన్నాడు బావ. రెండు చుట్లు తిరిగామో లేదో పొగగొట్టంలోంచి తెల్లటి పొగ మొదలైంది. మేస్త్రీ పరుగున వచ్చి ఆపించాడు. మూత తీస్తే రేడియేటర్‌లో నీళ్ళు బుడగలు కక్కుతున్నాయి. ఆయిలు చూసే కమ్మీ బయటికి లాగాడు. దాని మీద ఆయిలు, నీళ్ళు కలిసిపోయి, పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. అది చూసి మేస్త్రీ నేల మీద చతికిలబడ్డాడు.

"గంగన్నా, నిజం చెప్పు. మరుగుతున్నప్పుడు సల్లనీల్లు వోసినవా?"

బావ ఉపాయం అదే. నేను మంచిర్యాలలో ఉన్న రోజు, ఇంజను మరిగినప్పుడల్లా కాగిపోతున్న ఇంజను మీద వాగు నీళ్ళు కడవలకు కడవలు కుమ్మరించాడు. లోపలా పోశాడు. ముల్లు టక్కున దిగేది. మళ్ళీ కోసేవాడు.

"ఎండదెబ్బ కొట్టిన ఎద్దుకు నెత్తి మీద నీల్లు వోస్తం గద మేస్త్రీ. పానం లేసొస్తది," అన్నాడు బావ.

"ఎద్దుకు లేసొస్తది. గిది ఇనుము. కాలిన ఇనుము మీద సల్లనీల్లు పడితె పగులుతది. ఇంజను మీది హెడ్డు పగిలింది."

"అతికియ్యరాదా?"

"అతికితె నిలువది. వేరేది రావాలె. గీ మాడల్‌ది ఇక్కడ దొరుకది. నాగపూర్ దిక్కు పాత ఇంజన్ల ఏరిపిస్త. దీపావళికైతె రాదు గంగన్నా. ఆశ పెట్టుకోకు."

బావను తిట్టాలని నా నోట్లో మాటలు బారులు తీరాయి. ఆయన వంక చూశాను. తెల్లబోయి, పగిలిన చోటు ఎక్కడుందోనని ఇంజను మీద చెయ్యి వేసి తడుముతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి కొడవళ్ళు పట్టాం. బావ, అక్క, నేను. ముగ్గురు మనుషులు అంత బీడును కోయడమంటే ఏమిటో కోసినవాడికే తెలుసు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. అక్క నడుము పట్టేసింది. బావ సోమవారాలు కూడా కోశాడు. దొర దగ్గరికి వెళ్ళి గడువు అడిగాం. మందలవాళ్ళకు మాటిచ్చేశానన్నాడు. ఇచ్చిన మాటకు కట్టుబడ్డ మనిషిని ఏమని తప్పుపడతాం? ఒప్పందం ప్రకారం బీడంతా కోయలేదు కాబట్టి కోసిన గడ్డిలోనూ మాకు వాటా లేదు. జాలిపడి ఒక బండెడు తీసుకుపొమ్మన్నాడు.

పండుగ తెల్లవారి అంతయ్య అనే మందకాపరి పశువులతో దిగాడు. కొద్దిరోజుల్లో బీడు నున్నబడింది. ప్రాణహిత దాటి చాందా అడవులకు పోతున్నామని, అక్కడ ఇంకా పచ్చిక ఉందని అంతయ్య చెప్పాడు. ఆ రాత్రి బావ, అక్క ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దున్నే బావ కొట్టంలో తలుగులన్నీ విప్పాడు.

"నాకు మేపిచ్చుడు శాతనైతలేదు అంతన్నా. నీ మందల కలుపుకో. బతికినయి నీయే. తిరిగియ్యమని అడగ," అన్నాడు.

అక్క గుమ్మంలోనే నిలబడింది, బయటికి రాలేదు. చివరి బర్రె మాత్రం వాకిట్లో ఆగి, వెనక్కి తిరిగి కొట్టంలోకి వచ్చేసింది. అది అలవాటుగా గోలెం దగ్గర నిలబడి కుడితి కోసం చూసింది. బావ దాన్ని జీవితంలో మొదటిసారి కర్రతో కొట్టి తోలాడు.

పుష్యమాసంలో రాజం మేస్త్రీ నాగపూర్ నుంచి తెప్పించిన హెడ్డు పట్టుకొచ్చి బిగించాడు. విషయం తెలిసి నేనూ వెళ్ళాను. బావ ట్రాక్టర్‌ను బీడులోకి తోలి, కోత పట్టె కిందికి దించి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. గడ్డి మొదళ్ళు కూడా లేని మట్టి నేల మీద కత్తులు గాలిని కోస్తూ పోయాయి. నా దగ్గరికి వచ్చాక ఆపకుండానే ముల్లు వైపు చూపించాడు.

"సూడు హనుమంతూ, ఎంత సల్లగ నడుస్తుందో," అన్నాడు.

మంచిగుంది బావా అన్నాను. ఆయన మళ్ళీ అవతలి కొసకు తోలుకుంటూ పోయాడు.