సున్నుండల డబ్బా

సెలవుకు ఊరెళ్లిన మనిషి కువైట్‌లోని అబ్బాసియాకు తిరిగొస్తుంటే పదిమంది పొట్లాలు మోసుకొస్తుంది. ఎవరి పొట్లమూ విప్పి చూడదు. విప్పితే అనుమానించినట్టే.

ఆ నమ్మకం మీదే పద్మశ్రీ అమలాపురం నుంచి ఒక డబ్బా తెప్పిస్తోంది. తెస్తున్నది మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే బుల్లెమ్మ.

పద్మశ్రీ భర్త దుర్గారావు సబ్హాన్‌లో లారీ డ్రైవరు. నిద్ర ఆపుకోవడానికి షాబు అనే మత్తుమందు మొదలుపెట్టాడు. ఇప్పుడది లేనిదే మంచం దిగలేడు. తలుపు చప్పుడైతే పోలీసులంటాడు. భ్రాంతి కలిగించే ఒక పుట్టగొడుగుల మందు ఇలాంటి వ్యసనాన్ని మాన్పిస్తుందేమోనని విదేశాల్లో పరీక్షిస్తున్నారని పద్మశ్రీ ఫోనులో చూసింది. ఊళ్లో తమ్ముడు ఆ పుట్టగొడుగులు సంపాదించి, పొడిచేసి సున్నుండల్లో కలిపాడు.

ఎంత పెట్టాలో అడగడానికి ఆమె అబ్బాసియాలోనే ఉన్న డాక్టర్ గురుమూర్తి దగ్గరకు వెళ్లి, డబ్బా సంగతి చెప్పింది.

"అదింకా పరిశోధనలోనే ఉందమ్మా. గుండె పరీక్షించి, డాక్టర్లు పక్కన కూర్చుని ఇస్తారు. షాబు వాడే మనిషికి ఇంట్లో పెడితే ప్రాణం పోవచ్చు. మీవారు తనంతట తాను వైద్యానికి వస్తే ఇక్కడ కేసుండదు. ఆ డబ్బా పట్టుబడితే మాత్రం జైలే. తెచ్చే ఆవిడకు తెలుసా?"

పద్మశ్రీ బయటికొచ్చి బుల్లెమ్మకు ఫోన్ చేసింది.

"శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెకింగ్ లైన్లో ఉన్నానే. నా ముందు ఇద్దరే" అంది బుల్లెమ్మ.

"పిన్నీ, ఆ సున్నుండలు పారెయ్యి. పాడైపోయాయంట."

"నిన్న సేసినియ్యి పాడవుతాయేంటే? ఉండు, ఒకటి నోట్లో ఏసుకుని సెప్తాను."

"తినకు పిన్నీ! అందులో మత్తుమందుంది!"

అవతల ట్రాలీ చక్రాల చప్పుడు. ఎవరో "జరుగమ్మా" అంటున్నారు. ఫోను ఆగిపోయింది. పద్మశ్రీ మెట్ల మీద కూర్చుంది. మళ్లీ మోగేదాకా లేవలేదు.

"బాత్రూంలో పారబోసి నీళ్లు కొట్టాను" అంది బుల్లెమ్మ. "నీ మొగుడి కోసం నా మెడ ఉరికి పెట్టావేంటే? ముందే సెప్పుంటే ఆణ్ణి సెవి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లేదాన్ని కదే!"

సాయంత్రం పద్మశ్రీ భర్తకు అంతా చెప్పింది.

"ఆసుపత్రికెళ్తే ఇఖామా ఖలాస్ అవుద్దే, ఇక్కడ ఉండనివ్వరు" అన్నాడు దుర్గారావు, తలుపు వైపు చూస్తూ.

"మనంతట మనం వెళ్తే కేసుండదన్నారు డాక్టరుగారు."

"లోపలిదాకా నువ్వూ వత్తావా?"

"వస్తాను."

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు పడలేదు. ఆమె పెట్టింది.

ఆ మందు నిజంగా పనికొస్తుందో లేదో పరిశోధకులు తేల్చాలి. కానీ వ్యసనాన్ని దాచుకున్న ఇంటికి ఏ మందూ చేరదు. దాచిన బరువు ఎప్పుడూ ఏమీ తెలియనివారి సంచిలోకే చేరుతుంది.