నాలుగు వేళ్ల దూరం

తడి గోనెపట్టాను టెన్నిస్ కోర్టు సగం దాకా ఈడ్చేసరికి మార్కరుకు నడుము పట్టేసింది. కాసేపు ఆగి, మోకాలి పట్టీ బిగించుకుని, మళ్లీ లాగాడు. మట్టి కోర్టు చంటిపిల్లతో సమానం. పూటపూటకూ నీళ్లు పట్టాలి, ఒళ్లంతా నిమరాలి, గీతలు తుడవాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ క్లబ్బులో మార్కరుగా అతని ఉద్యోగం ఇదే. ఇదీ, జోడీ దొరకని సభ్యులతో ఆడి ఓడిపోవడమూ.

ఓడిపోవడం తేలికేమీ కాదు. నీ వైపు పడ్డ బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి, అనుమానం వస్తే ఎదుటివాడికి ఇచ్చెయ్యాలి. ఎదుటివాడు నెట్ దాటొచ్చి మట్టిలో గుర్తు వెతకకూడదు. అదీ ఆటలో మర్యాద. మార్కరు దాన్ని మరీ నెత్తిన పెట్టుకున్నాడు. ఏ అనుమానమూ లేకుండా బయట పడ్డ బంతులు కూడా ఇచ్చేసి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా ఆ గుర్తును బూటుతో చెరిపేసేవాడు.

"ఇన్నేళ్లు ఆడావు, ఒక్కసారైనా గెలిచావా?" అంది పొద్దున భార్య, డబ్బా మూత బిగిస్తూ.

"గెలిస్తే మళ్లీ ఆటకి పిలవరే."

"ఇంక పిలిచేదెవరు? ఇవాళ్టితో సరి కదా. ఇవాళైనా గెలిచి రా."

రేపు ఆ మట్టి తవ్వేసి సిమెంటు పోస్తారు. సిమెంటుకు నీళ్లూ అక్కర్లేదు, మార్కరూ అక్కర్లేదు. భార్య మాట రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఒక్క సెట్టు గెలవాలి, అంతే. అంత చిన్న కోరికకు కూడా పాపం అతనికి సిగ్గేసింది.

సాయంత్రం క్లబ్బు సెక్రటరీగారు వచ్చారు. "చివరి రోజు కదయ్యా, ఒక సెట్టు వేద్దాం. మొహమాటపడకుండా ఆడాలి సుమా!"

మొహమాటపడలేదు. మోకాలు మొరాయించినా ఐదు-ఐదు దాకా లాక్కొచ్చాడు. పొద్దుగూకుతోందని, ఇంకొక్క గేముతో తేల్చేద్దామన్నారు సెక్రటరీగారు. ఆ గేమూ నలభై-నలభై. రెండు పాయింట్ల తేడా కోసం ఆగకుండా ఇంకొక్క పాయింటే అనుకున్నారు, అది ఎవరిదైతే సెట్టు వాళ్లది.

సెక్రటరీగారు కొట్టిన బంతి మార్కరు తల మీదుగా సాగి, వెనక గీత దాటి పడింది. నాలుగు వేళ్లు బయట. గుర్తు కోడిగుడ్డంత ఉంది. అవతల సెక్రటరీగారు రాకెట్ దించి, మర్యాదగా ఎదురుచూస్తున్నారు. బయట అని చూపించడానికి మార్కరు చెయ్యెత్తబోయాడు.

"లోపలే సార్. మంచి బంతి."

ఆ మాట అన్నది తనేనా అని విస్తుపోయాడు. అన్నాక వెనక్కి తీసుకోవడం మరీ అమర్యాద. చేతికందింది నోటికందలేదు.

సెక్రటరీగారు నెట్ దగ్గరకొచ్చి చెయ్యి కలిపారు. "నీ మర్యాద ఇంకెవరికీ రాదయ్యా" అని భుజం తట్టి వెళ్లిపోయారు. తెలిసి అన్నారో, తెలియక అన్నారో.

రేపు తవ్వేసే కోర్టే అయినా మార్కరు చివరిసారి గోనెపట్టా లాగాడు. లాగుతుంటే ఏడుపొచ్చింది. వెనక గీత దగ్గర ఆ గుర్తు కనిపించింది. అలవాటుగా బూటెత్తాడు. ఎత్తిన కాలు మెల్లగా పక్కన పెట్టి, పట్టాను ఆ గుర్తు చుట్టూ తిప్పుకుపోయాడు. తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చి, ఇంట్లో ఏం చెప్పాలో తోచక నెమ్మదిగా గేటు దాటాడు.

నున్నగా తుడిచిన మట్టిలో, గీతకు నాలుగు వేళ్ల అవతల, ఆ ఒక్క బంతి గుర్తు అలాగే ఉండిపోయింది.