గట్టు మీద చాటు

ఎండాకాలంలో బోధన్ నుంచి రెంజల్ వైపు బస్సులో పోతుంటే కాలువ గట్టు మీద మట్టి తట్టలు మోసే ఆడవాళ్ళు మనకు కనిపిస్తారు. నెత్తిన గుడ్డ చుట్ట, నడుముకు బిగించిన కొంగు. మనం కిటికీలోంచి చూస్తాం. బస్సు ముందుకు పోతుంది, మనమూ మరచిపోతాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గట్టు మీద వాళ్ళు ఎలా గడుపుతారన్న ఆలోచన మనకు రాదు. మనకు రాకపోవడంలో వింత లేదు. వాళ్ళ పక్కనే నిలబడి పని చేయించే మేస్త్రికే అది తట్టలేదు. పోనీ ఆ మేస్త్రి చెడ్డవాడా అంటే కాదు, వెన్నలాంటి మనిషి.

ఆయన పేరు లాజరు. బోధన్‌లో కాపురం. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపినప్పుడు పూడిక తీయడం, కోసుకుపోయిన గట్టు మళ్ళీ కట్టడం, పగిలిన తూములకు సిమెంటు చేయడం ఆయన ముఠా పని. మళ్ళీ నీళ్ళు వదిలేలోపు పని ముగియాలి. ముగియకపోతే చివరి పొలాల చెరుకుకు తడి అందదు. అంత తొందరలోనూ లాజరు నోట తిట్టు వచ్చేది కాదు. ముసలివాళ్ళకు గునపం ఇచ్చేవాడు కాదు. ఎవరి పిల్లకైనా జ్వరమంటే తానే సైకిలు మీద ఆసుపత్రిలో దింపి వచ్చేవాడు.

నీళ్ళ విషయంలో మాత్రం లాజరుకు ఒక పట్టుదల ఉంది. చిన్నప్పుడు తండ్రితో కూలికి పోతే ఆసాముల ఇళ్ళ ముందు దోసిలి పట్టి నిలబడాల్సి వచ్చేది. వాళ్ళు చెంబు తగలకుండా పైనుంచి పోసేవారు. సగం దోసిట్లో పడేవి, సగం అంగీ మీద పడేవి. ఆ తడి అంగీతోనే ఇంటికి వస్తూ ఆ పిల్లవాడు ఎన్నిసార్లు ఏడ్చాడో ఆ దేవుడికే తెలియాలి. మేస్త్రి అయిన మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాడు, తన ముఠాలో ఎవరూ నీళ్ళ కోసం ఇంకొకరి గడప తొక్కకూడదని. తెల్లవారకముందే దూరాన ఉన్న బోరు దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, గట్టు మీద రెండు పెద్ద మట్టి రంజన్లు నింపేవాడు. ఒకటి మగవాళ్ళకు, ఒకటి ఆడవాళ్ళకు. ఎండ పడకుండా వాటికి తడిగుడ్డ చుట్టేవాడు.

అంతదాకా ముఠాలో ఆడవాళ్ళు ఒకరిద్దరే. ఒక ఏడు బీడీ పని తగ్గడంతో రెంజల్ పక్క ఊరి నుంచి కొందరు ఆడవాళ్ళు కొత్తగా చేరారు. వాళ్ళలో పెద్దది ఈరవ్వ. అందరికన్నా చురుకైనది గంగుబాయి. భర్త మంచం పట్టడంతో ఇద్దరు పిల్లల భారం ఆమె మీదే పడింది. తట్ట నింపేలోపే ఇంకో తట్టకు చేయి చాచేది.

వాళ్ళు చేరిన కొద్ది రోజులకే లాజరు ఒక సంగతి గమనించాడు. మగవాళ్ళ రంజను మధ్యాహ్నానికే అడుగంటుతోంది. ఆడవాళ్ళది సాయంత్రం కూడా నిండుగానే ఉంటోంది. రోళ్ళు పగిలే ఎండలో మనిషి నీళ్ళు తాగకుండా ఎలా ఉంటాడు?

తగిలిన కాలికే మళ్ళీ తగులుతుందంటారు. లాజరుకు చిన్ననాటి దోసిలి గుర్తుకు వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు.

"ఏమైందయ్యా?" అంది భార్య శారమ్మ.

"నేను తెచ్చిన నీళ్ళు వాళ్ళకు పనికొస్తలేవు. ఇంకా గదే కాలం నడుస్తున్నది శారా."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"అనుడెందుకు? నిండు రంజను నిండుగనే ఉంటున్నది. కండ్లకు కనవడ్తలేదా?"

మరునాడు ఆ రంజను నింపమని ముఠాలోని బాలనర్సయ్యకు చెప్పాడు. బాలనర్సయ్య గుడికి పోయే మనిషి, ఆ ఆడవాళ్ళకు దూరపు చుట్టం కూడా. అయినా నీళ్ళు తగ్గలేదు. అప్పుడైనా లాజరుకు అనుమానం వదలాలి కదా! వదల్లేదు. నీళ్ళు ఎవరు పోస్తేనేం, రంజను నాదే కదా అనుకున్నాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

మధ్యలో ఒక్కరోజు మాత్రం వింత జరిగింది. ఆనాడు పని ఒక రైతు చెరుకు తోట పక్కన పడింది. చుట్టూ తోటలన్నీ కొట్టేసినా, ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రాక అతని చెరుకు మాత్రం ఇంకా మనిషెత్తున నిలబడి ఉంది. ఆ సాయంత్రం చూస్తే ఆడవాళ్ళ రంజను ఖాళీ! లాజరు దారి పొడుగునా చర్చిలో పాడే కీర్తన పాడుకుంటూ ఇల్లు చేరాడు. "మనసులు మారినయి శారా, ప్రభువు మార్చిండు" అన్నాడు. మరునాడు పని చెరుకు తోట దాటింది. రంజను మళ్ళీ నిండుగా మిగిలింది. ఆశపడినందుకు లాజరుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ తరువాత కొన్నాళ్ళకు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, గంగుబాయి తట్టతో గట్టు ఎక్కుతూ ఎక్కుతూ కూలిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదవులు పగిలి ఉన్నాయి. లాజరు ఆమెను సిమెంటు తెచ్చిన ట్రాక్టరులో వేసుకుని బోధన్ ఆసుపత్రికి పరుగెత్తించాడు. ఈరవ్వ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ సెలైను ఎక్కించి బయటికి వచ్చింది. "వడదెబ్బ ఒక్కటే కాదు. ఈమె చాలా రోజులుగా నీళ్ళు సరిగా తాగడం లేదు, మూత్రం బిగబట్టుకుంటోంది. మూత్రపిండాలకు చీము పట్టింది. ఈ రాత్రి గడిస్తే గండం గడిచినట్టే" అంది.

లాజరు వరండాలో కూలబడ్డాడు. కబురు అంది శారమ్మ వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పానం పోతున్నా నా నీళ్ళు ముట్టలేదు సూడు. గింత పట్టింపా? ఇద్దరు పిల్లల తల్లి!"

శారమ్మ లోపలికి పోయింది. గంగుబాయి మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఈరవ్వతో చాలాసేపు మెల్లగా మాట్లాడింది. దీపాలు పెట్టే వేళకు బయటికి వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"ఏందయ్యా, ఊకె కులమని కొట్టుకుంటున్నవు. వాళ్ళకు నీ నీళ్ళ మీద ఏ పట్టింపు లేదు. నీళ్ళు తాగితే బయటికి పోవాల్సి వస్తది. యాడికి పోవాలె? చెరుకంత కొట్టేసిండ్రు. గట్టు మీద నిలవడితే కోసెడు దూరం కనవడ్తది. ఒక దిక్కు మీ మగోళ్ళు, ఒక దిక్కు రోడ్డు మీద బస్సులు. గందుకే పొద్దుగూకి ఇంటికి పోయేదాక గొంతు తడుపుకుంటలేరు."

లాజరు కళ్ళ ముందు ఆ ఒంటరి చెరుకు తోట మెదిలింది. ఆ రోజు వాళ్ళకు చాటు దొరికింది, కడుపునిండా నీళ్ళు తాగారు. అంతే సంగతి. మనసులు మారాయని పాడిన కీర్తన గుర్తుకు వచ్చి ఆయనకు సిగ్గు వేసింది.

"నాతోని చెప్పొచ్చు గదా?"

"మొగోనితోని ఆ ముచ్చట ఆడిది ఎట్ల చెప్తది? చెప్తే, ఈ ఆడోళ్ళతోని తిప్పలున్నదని పనిలకెల్లి తీసేస్తవని భయం. పెండ్లైన కొత్తల నేను నీ పక్కపొంటి తట్ట మోయలేదా? నేను గూడ తాగలే."

లాజరు తల తిప్పి భార్య ముఖంలోకి చూశాడు.

"నడుం నొప్పని పండుకుంటుంటి, యాదున్నదా? రాత్రిళ్ళు కూసోని కాళ్ళు పిసుకుతుంటివి, మందులు తెస్తుంటివి. నీకు నా మీద మాయ, ప్రేమ లేదంటలేను. మాయ మస్తున్నది. గిది నీకు కనవడలే, అంతే."

"నువ్వన్న చెప్పకపోతివి శారా."

"నువ్వన్న అడగకపోతివి."

ఇన్నేళ్ళ కాపురంలో భార్య మనసు తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదనుకుంటూ వచ్చాడు లాజరు. ఆమె చేయి తన చేతిలోకి తీసుకున్నాడు.

తెల్లవారేసరికి గంగుబాయి జ్వరం దిగింది. కళ్ళు తెరిచి, "మేస్త్రన్న నన్ను పనిలకెల్లి తీసేసిండా?" అని అడిగిందట. బతికానా అని కాదు, పని పోయిందా అని.

ఆ పొద్దున లాజరు గట్టు మీదికి సైకిలు వెనుక వెదురు కర్రలు, గోనెపట్టాలు కట్టుకుని వచ్చాడు. మగవాళ్ళు పని చేసే చోటికి దూరంగా, గట్టు కింద పల్లంలో గుంట తవ్వించాడు. చుట్టూ కర్రలు పాతి గోనెపట్టాలు బిగించాడు.

"మేస్త్రీ, మనం కాల్వ మరమ్మతుకు వచ్చినమా, ఆడోళ్ళకు మరుగు కట్టనీకి వచ్చినమా?" అన్నాడు బాలనర్సయ్య. నలుగురూ నవ్వారు.

"నీ బిడ్డ గూడ బీడీలు ఇడిసిపెట్టి రేపు గిట్లనే తట్ట మోయనీకి వస్తే ఏమంటవు బాలనర్సన్నా?" అన్నాడు లాజరు.

బాలనర్సయ్య నవ్వు ఆగిపోయింది. వచ్చి కర్ర రెండో కొస పట్టుకున్నాడు.

అంతలో కాలువ పనుల ఓవర్సియర్ ఆత్మారాం స్కూటరు వచ్చి ఆగింది. గంగుబాయి సంగతి ఆయన చెవిన పడింది. దిగుతూనే కేకలు.

"లాజరూ! ఆ ఆడోళ్ళందర్నీ ఇయ్యాలే తీసెయ్. ఎవరన్నా చస్తే నా మెడకు చుట్టుకుంటది. మగోళ్ళను పెట్టుకో."

తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళు ఏ మాట వినాల్సి వస్తుందని దాహం చంపుకున్నారో ఆ మాట వచ్చేసింది.

"తీసేసేది లేదు సార్" అన్నాడు లాజరు. "తప్పు వాళ్ళది కాదు, నాది. తాగనీకి నీళ్ళు పెట్టిన, తాగినంక పోనీకి చాటు పెట్టలే. ఇగో, ఇయ్యాల్టి నుంచి పని ఎంత దూరం నడిస్తే గీ పట్టాలు అంత దూరం నడుస్తయి. పొద్దున పని సురూ కాకముందు గిదే మా మొదటి పని."

ఆత్మారాం గోనెపట్టాల వైపు చూశాడు. సంగతి అర్థమై కొంచెం తగ్గాడు.

"మరి ఇంత ఇబ్బంది ఉంటే నోరు తెరిచి అడగొచ్చు కదా వీళ్ళు?"

"అడిగితే మీరేమంటరో వాళ్ళకు ఎరుకే సార్. ఇప్పుడే అన్నరు గదా, తీసెయ్యమని."

ఓవర్సియర్, "సరే, రెంజల్ మూల పని చేసే ముఠాకు కూడా నాలుగు పట్టాలు పంపిస్త. వాళ్ళకు ఎట్ల కట్టాలో నువ్వే పోయి చెప్పు" అని స్కూటరు ఎక్కాడు.

గంగుబాయి కోలుకుని పనిలోకి వచ్చిన రోజు ముందుగా రంజను దగ్గరికి పోయి కడుపునిండా నీళ్ళు తాగింది. మధ్యాహ్నం అన్నాల వేళ ఈరవ్వ లాజరు దగ్గరికి వచ్చి, సద్ది మూటలోంచి ఒక జొన్నరొట్టె తీసి పైన పచ్చిమిరప తొక్కు వేసి ఇచ్చింది. "తిను బిడ్డా, నీ పెండ్లాము పుణ్యాత్మురాలు" అంది. లాజరు ఆ రొట్టె చేత పట్టుకుని తల వంచుకున్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదని మనకు ఒక సామెత ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని, వాళ్ళు అడగలేదు కాబట్టి వాళ్ళకు అవసరం లేదనుకుని మనలో చాలామందిమి నిశ్చింతగా ఉంటాం. పొలంలో, గట్టు మీద, బజారులో, చివరికి మన వంటింట్లో కూడా మన కోసం ఒళ్ళు వంచే ఆడవాళ్ళున్నారు. వాళ్ళు సిగ్గుతోనో భయంతోనో అడగలేకపోతే ఆ తప్పు వాళ్ళది కాదు, అడగకముందే చూడని మనది.